కడియం నర్సరీలో క్రిస్మస్ చెట్టు కొన్నాం, ఇంట్లో కుక్క ఉన్నోళ్ళు ఒకసారి చదవండి

పోయిన ఆదివారం కడియపులంకలో ఓ నర్సరీకి వెళ్ళొచ్చాం, పేరెందుకులెండి, వరసగా ఉన్నవాట్లో ఒకటి. కావాల్సింది ఒక్కటే, గేటు పక్కన కుండీలో పెట్టడానికి క్రిస్మస్ చెట్టు, అదే అరౌకేరియా. ఇంట్లో 7 నెలల ల్యాబ్రడార్ కుక్కపిల్ల ఉన్నాడు, చెప్పులు, చీపురు, మావయ్యగారి పేపరు ఏదీ వదలడు, అందుకే ముందే అడిగా, కుక్క నమిలితే ఏమన్నా అవుద్దా అని. "ఆయ్, ఏం కాదండి, చెట్టే కదండీ" అన్నాడు అక్కడి కుర్రాడు.

మొక్క మాత్రం సూపర్. నాలుగడుగులుంది, 700 తీసుకున్నాడు, కొమ్మలు అంతస్తులంతస్తులుగా నీట్‌గా ఉన్నాయి, వేళ్ళ దగ్గర మట్టి కదలకుండా గోనెపట్టా చుట్టి ఆటో ఎక్కించారు. మావాడు రెండో రోజే కింది కొమ్మ పీకి నమిలి, ఒకసారి కక్కేసి, మళ్ళీ పెరుగన్నానికి రెడీ అయిపోయాడు. భయమేసి పశువుల డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే, అరౌకేరియాతో మహా అయితే వాంతులు, కాస్త డల్‌గా పడుకోవడం, అంతేనమ్మా అన్నారు. మోర్‌పంకి అనే మొక్క అయితే ఇంకొంచెం జాగ్రత్తట, దాని ఆకులో తూజోన్ అని ఉంటది, ఎక్కువ తింటే మంచిది కాదు. ఇలాంటి చెట్లలో నిజంగా ప్రాణం తీసేది యూ అనే చెట్టు, అది చలి దేశాల్లో కంచెలకి పెంచుతారు, మన ఎండల్లో నాకెక్కడా కనపళ్ళేదు.

అసలు గొడవ ఇక్కడ. "జతగా బాగుంటదండి" అని ఆ కుర్రాడు ఓ సైకస్ కూడా అంటగట్టాడు, చిన్న ఈతచెట్టులా ఉంటది చూడండి, అది. మాటల్లో ఆ సంగతి చెప్పగానే డాక్టర్‌గారు ముందు దాన్ని ఇంట్లోంచి తీసేయమన్నారు. ఆకు, కాండం, వేరు అన్నీ విషమే, గింజలైతే మరీనంట, ఒకటి రెండు తిన్నా లివర్ పోవచ్చు, మొదట వాంతులు, తర్వాత ఒకట్రెండు రోజులకి కామెర్లు. గన్నేరు విషం అని మా అమ్మమ్మ చిన్నప్పుడే చెప్పింది, ఈ సైకస్ గురించి ఎవరు చెప్పారు నాకు!

అయిపోలేదు. ఫ్రీ అని ఇచ్చిన ఎరువు సంచిలో బోన్ మీల్ (ఎముకల పొడి), ఆముదం పిండి కలిపి ఉన్నాయి. ఎముకల వాసనకి కుక్క మూతి పెట్టేస్తది కదా, నూనె తీసేశాక మిగిలిన ఆ ఆముదం పిండిలో రైసిన్ అనే విషం ఉండిపోతే అంతే సంగతులు. ఇంట్లో కుక్క ఉందని నర్సరీలో చెప్పాక కూడా ఇది చేతిలో పెట్టారంటే ఏమనాలి. వేపపిండి ఇచ్చినా సరిపోయేది.

సైకస్ తిరిగి పట్టుకెళ్తే ఓనర్‌గారు గొణగలేదు, బదులుగా అరెకా పామ్ ఇచ్చారు, అది కుక్కలకి సేఫే, 50 రూపాయలు నేనే వేసుకున్నా. మొక్కల క్వాలిటీకి 5 స్టార్లు, చెప్పే మాటకి 1, కలిపి 3 ఇస్తున్నా. ఎరువు సంచి మాత్రం "ఫ్రీగా ఇచ్చింది వెనక్కెందుకండి" అని తీసుకోలేదు, అటక మీద పెట్టా, మావాడు రోజూ దాని కిందే నించుని పైకి చూస్తున్నాడు.