బైపాస్ వాల్వ్ పరీక్షకు చేతి వాక్యూమ్ పంపు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

బ్రేక్ ఆయిల్ మార్చుకోవడానికి కొన్న చేతి పంపు ఇది. ఇత్తడి బాడీ, పైన మీటరు, ఒక రబ్బరు ట్యూబు, నాలుగైదు ప్లాస్టిక్ జాయింట్లు, అంతే. ఇప్పుడు మాత్రం మా టర్బో (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే పరికరం) ఉన్న పెట్రోల్ కారు బైపాస్ వాల్వ్ చూడటానికే ఎక్కువగా బయటికి తీస్తున్నాను. వాక్యూమ్‌తో పనిచేసే బైపాస్ వాల్వ్ ఉన్న టర్బో పెట్రోల్ కారు నడిపే ప్రతి ఒక్కరి దగ్గరా ఇది ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

మన గ్యారేజీల్లో టర్బో అంటే ఎక్కువగా డీజిల్ బండ్ల మీద చెయ్యి తిరిగినవాళ్లే. చాలా డీజిల్ ఇంజన్లలో ఈ వాల్వే ఉండదు. పెట్రోల్ కారులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే తలుపు) మూసుకుంటుంది, టర్బో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. నొక్కుకుపోయిన గాలికి దారి లేక మళ్లీ టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ మీదికే తన్నుకొస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో ఇంజన్ లాగే వాక్యూమ్‌తో తెరుచుకుని గాలిని టర్బో ముందున్న గొట్టంలోకి మళ్లించేదే బైపాస్ వాల్వ్. అది మూసుకుని బిగుసుకుపోతే కాలు తీసినప్పుడల్లా పటపటమని చప్పుడు వస్తుంది, పికప్ మాత్రం మామూలుగానే ఉంటుంది. అదే లోపలి డయాఫ్రం (పల్చటి పొర) చిరిగితే, తొక్కినప్పుడు కూడా గాలి వెనక్కి జారిపోయి బండి లాగదు.

మా కారుకు వచ్చింది రెండోదే. ఔటర్ రింగ్ రోడ్డు మీద మూడో గేరులో పూర్తిగా తొక్కినా బండి బరువుగా కదిలింది. స్కానర్‌లో పి0299 కోడ్. గ్యారేజీలో ఒకటే మాట: "టర్బో పోయింది సార్, మార్చాల్సిందే." కానీ ఆ కోడ్ చెప్పేది ఒక్కటే, ఇంజన్ కంప్యూటర్ అడిగినంత బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) రాలేదని. క్లిప్పు వదులైనా, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు చిట్లినా, టర్బో వేగాన్ని అదుపు చేసే వేస్ట్‌గేట్ సరిగా మూసుకోకపోయినా, బైపాస్ వాల్వ్ లీకైనా ఇదే కోడ్ వస్తుంది. టర్బోను అనుమానించాల్సింది ఇవన్నీ చూశాకే.

పంపుతో పరీక్ష తేలిక. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, వాల్వ్ మీదికి వచ్చే సన్నటి గొట్టం పీకి ఆ మూతికి పంపు ట్యూబు తగిలించాలి. మీటరు 15 నుంచి 20 ఇంచుల (వాక్యూమ్‌ను పాదరసం ఇంచుల్లో కొలుస్తారు) దాకా వచ్చేలా పిడి నొక్కాలి. మంచి వాల్వ్ అయితే లోపల టక్కున తెరుచుకుంటుంది, ముల్లు అక్కడే నిలబడుతుంది. ఒక నిమిషం చూసి గాలి వదిలితే వెంటనే మూసుకోవాలి. మా వాల్వ్‌కు ఎంత నొక్కినా ముల్లు పైకి లేచినట్టే లేచి సున్నాకు జారిపోయింది. విప్పి వెలుతురులో పెడితే డయాఫ్రం అంచున గోరంత చీలిక. వాల్వ్ ఒక్కటే మార్చాం, పాత టర్బోతోనే ఇప్పటికీ నడుస్తోంది.

పంపుకు తోడు బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్ రీడింగులను ఫోన్‌లో చూపించేది) కూడా వాడతాను. చవక రకం అడాప్టర్లతో పది రీడింగులు ఒకేసారి పెడితే అంకెలు ఆలస్యంగా మారతాయి. మ్యాప్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి), ఆర్‌పీఎం, థ్రాటిల్, ఈ మూడే పెట్టుకోండి. ఫోన్ పక్కన కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి, నడిపేవాళ్లు రోడ్డే చూడాలి. ముందుగా ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి మ్యాప్ అంకె చూడండి. విశాఖలో అయితే సుమారు 101 కిలోపాస్కల్ చూపిస్తుంది, హైదరాబాద్ ఎత్తు మీద ఉంది కాబట్టి 95 దగ్గర ఉంటుంది. తొక్కినప్పుడు వచ్చే అంకెలోంచి దీన్ని తీసేస్తే మిగిలేదే అసలు బూస్ట్.

ఈ ఎత్తు సంగతి పంపు మీటరుకూ వర్తిస్తుంది. ఇంజన్ వాక్యూమ్ గొట్టానికి మూడు మూతుల టీ జాయింటుతో పంపు తగిలించి ఇంజన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) చూస్తే, పుస్తకాల్లో రాసిన 17 నుంచి 21 ఇంచులు సముద్ర మట్టం లెక్క. వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు ఒక ఇంచు తగ్గుతుంది. విజయవాడలో మా బావ బండికి వచ్చిన అంకె హైదరాబాద్‌లో మనకు రాలేదని టెన్షన్ పడక్కర్లేదు.

పంపులో లోపాలూ ఉన్నాయి. మన ఎండలకు ట్యూబు గట్టిపడి చివర పగిలింది, కత్తిరించి వాడుకుంటున్నాను. లోపలి సీలు ఎండితే పంపే లీకవుతుంది. అందుకే వాల్వ్‌ను తప్పుపట్టేముందు ట్యూబు చివర వేలితో మూసి, ముల్లు నిలుస్తోందో లేదో చూడాలి. సీలుకు కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే మళ్లీ బాగా పట్టుకుంటుంది. ప్లాస్టిక్ బాడీ పంపు ఇంకా చవకే, కానీ నేను వాడిచూసిన ఒకటి పిడి దగ్గర విరిగింది. కొంచెం ఎక్కువైనా లోహపుదే తీసుకోండి.

వాల్వ్‌కు సన్నటి గొట్టం కాకుండా వైరు కనెక్టర్ ఉంటే అది కరెంటుతో పనిచేసే రకం. దానికి ఈ పంపు పనికిరాదు. పి0033, 0034, 0035 కోడ్లు వస్తే వైరింగ్ వైపు చూడాలి. అలాంటి బండి ఉన్నవాళ్లు ముందు మల్టీమీటరు కొనుక్కోవడం మేలు.