సంతకు చివర వెళ్లండి: పాత బేస్‌బాల్ గ్లౌజుల కోసం చేసిన మూడు ప్రయాణాలు

మా పెద్దవాడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పిల్లల బేస్‌బాల్ అయిన లిటిల్ లీగ్ ఆడటం మొదలుపెట్టిన ఏడాది, వాడి జట్టుకు శిక్షణ ఇచ్చే పెద్దాయన తన చిన్ననాటి గ్లౌజును ఒకసారి నా చేతికి తొడిగారు. వికెట్ కీపరు తప్ప మిగిలిన వారంతా ఉత్త చేతులతో బంతి పట్టే ఆటను చూస్తూ పెరిగిన నాకు, ఎన్నో ఏళ్ల కిందటి ఒక పిల్లవాడి అరచేతి ఒంపును ఆ తోలు ఇంకా పదిలంగా ఉంచుకోవడం ఎంతో ఆశ్చర్యం కలిగించింది. పాత గ్లౌజులు సేకరించడం, అవి ఏ కాలానివో గుర్తుపట్టడం అప్పటి నుంచి నాకు ఇష్టమైన పని అయింది. నిరుడు ఒక్క ఏడాదిలోనే ఇందుకోసం మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్ సంతకు, టెక్సాస్‌లోని నకోనా ఊరికి, న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌కు వెళ్లి వచ్చాను. వాటిలో ఏది దేనికి పనికివస్తుందో, ఎక్కడ బస చేస్తే మేలో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. నేను వెళ్లిన వరుస మాత్రం తప్పు. కొనే చోటికి మొదట వెళ్లి, నేర్చుకునే చోట్లకు తరువాత వెళ్లాను.

బ్రిమ్‌ఫీల్డ్ సంత 1959 నుంచి నడుస్తోంది. ఏటా మే, జూలై, సెప్టెంబరు నెలల్లో, ప్రతిసారీ మంగళవారం నుంచి ఆదివారం దాకా, 20వ నంబరు రహదారికి ఇరువైపులా ఉన్న పొలాల్లో డేరాలు వేసి పాత సామాను అమ్ముతారు. ఒక్కో పొలానికి ఒక్కో యజమాని ఉండటంతో అవి వేరు వేరు రోజుల్లో, వేరు వేరు వేళల్లో తెరుచుకుంటాయి. కొన్నింటికి ప్రవేశ రుసుము ఉంటుంది, కొన్నింటికి ఉండదు. ఈ వేళలు ముందుగా తెలుసుకోకుండా వెళ్లిన నేను మొదటి రోజు సగం పూట మూసి ఉన్న గేట్ల ముందే గడిపాను. వాహనాలను చుట్టుపక్కల ఇళ్లవారి పెరళ్లలోనే నిలుపుకోవాలి, దానికి నగదు ఇవ్వాలి. అమ్మేవారిలోనూ చాలామంది నగదే అడుగుతారు. నగదు చూపితే బేరం కూడా సులువుగా కుదురుతుంది.

బసకు పక్కనున్న స్టర్‌బ్రిడ్జ్ అనుకూలం. అయితే సంత వారంలో అక్కడి గదులు నెలల ముందే నిండిపోతాయి, అద్దెలు కూడా మామూలు రోజులకంటే చాలా ఎక్కువగా ఉంటాయి. నేను ఆలస్యంగా ప్రయత్నించి దొరికిన గదిలో దిగాను. తడి వాసన కొట్టే ఆ గదికి నేను చెల్లించిన డబ్బు ఏ రకంగా చూసినా ఎక్కువే. శాకాహారులకు సంతలో వేయించిన బంగాళదుంపలు, యాపిల్ రసం కలిపి చేసే డోనట్‌లు తప్ప పెద్దగా ఏమీ దొరకవు కనుక, ఇంటి నుంచి పులిహోర కట్టుకుని వెళ్లడం మంచిది.

ఆ మే నెల సంతలో ఒక అమ్మకందారు నల్లబడిన గ్లౌజు ఒకటి చూపి, అది 1910ల నాటిదని చెప్పి 180 డాలర్లు అడిగాడు. మణికట్టు మీద గుండీ ఉంది, తోలు పగుళ్లు విచ్చి ఉంది, నా కంటికి అది నూరేళ్ల వస్తువులాగే కనిపించింది. 150 డాలర్లకు బేరమాడి కొన్నాను. ఇంటికి వచ్చాక దాన్ని గ్లౌజులు బాగుచేసే ఒకరికి తపాలాలో పంపించడం నేను చేసిన రెండో తప్పు. అతను తోలు ముక్కలను కలిపి కట్టే పాత లేసులన్నీ తీసిపారేసి మెరిసే కొత్త లేసులు కట్టి, తోలుకు నూనె దట్టంగా పట్టించి పంపాడు. ఆడుకోవడానికైతే అది మంచి పనే. సేకరించేవారికి మాత్రం అసలు లేసే ఒక సాక్ష్యం, అది పోతే వెలతోపాటు వయసు తేల్చే ఆధారం కూడా పోతుంది. బాగుచేయమని ఎవరికైనా పంపేటప్పుడు ‘శుభ్రం చేయండి, లేసు ముట్టుకోకండి’ అని కాగితం మీద రాసి పంపాలని అప్పుడే తెలుసుకున్నాను.

జూలైలో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మా బావమరిది ఇంటికి వెళ్లినప్పుడు, అతను “బావా, గ్లౌజులు చేసే ఊరు మనకు రెండు గంటల దూరంలోనే ఉంది, పొద్దున్నే వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దాం” అన్నాడు. డాలస్ చుట్టుపక్కల ఉండే మనవారు ఈ ప్రయాణం తప్పకుండా చేయాలని నా అభిప్రాయం. ఓక్లహోమా సరిహద్దుకు దగ్గరలో ఉన్న నకోనా అనే ఆ చిన్న ఊరికి కొమాంచీ నాయకుడైన పీటా నకోనా పేరు పెట్టారు. అక్కడ 1926లో తోలు పర్సులు, సంచులు చేయడానికి పెట్టిన సంస్థ ఆర్థిక మాంద్యంలో నిలదొక్కుకోవడానికి 1934లో బేస్‌బాల్ గ్లౌజుల వైపు మళ్లింది. ఊరి పేరును వ్యాపార చిహ్నంగా నమోదు చేసుకోవడానికి వీలుకాక, ఇంగ్లీషు స్పెల్లింగులో ‘సి’ బదులు ‘కె’ పెట్టి నొకోనా (Nokona) అని పెట్టుకున్నారు. అమెరికా సంస్థలు చాలావరకు 1960ల నుంచి తయారీని జపాను వంటి దేశాలకు తరలించినా వీరు ఊరు వదలలేదు. 2006లో కర్మాగారం మొత్తం అగ్నిప్రమాదంలో కాలిపోయినా అదే ఊళ్లో మళ్లీ మొదలుపెట్టారు.

ముందుగా ఫోన్ చేసి, పనిదినం చూసుకుని వెళితే కర్మాగారం లోపల తిప్పి చూపిస్తారు. ఆ రోజు నేను నేర్చుకున్నది అంతకుముందు రెండేళ్లలో చదివినదానికంటే ఎక్కువ. ఇనుప అచ్చులతో తోలును ముక్కలుగా కోస్తారు, ముద్ర వేస్తారు, గ్లౌజును లోపలి వైపు బయటికి ఉండేలా కుడతారు, తరువాత వేడి చేసిన లోహపు వేళ్ల మీద తొడిగి తిరగేసి ఆకారం తెస్తారు, చివరగా చేత్తో లేసు అల్లుతారు. ఒక మహిళ వేళ్ల కొనల గుండా లేసు దూర్చి నాలుగు వేళ్లనూ ఒకదానితో ఒకటి కలిపి బిగిస్తుంటే చూస్తూ నిలబడిపోయాను. వేళ్లను అలా కలిపి కట్టే పద్ధతి 1940లలో స్థిరపడింది. అంతకుముందు గ్లౌజులలో వేళ్లు మన చేతి వేళ్లలాగే విడివిడిగా ఉండేవి. ఇంట్లో ఉన్న నా 150 డాలర్ల గ్లౌజుకు వేళ్లు కలిపి కట్టి ఉన్నాయి, కట్టడానికి వేసిన రంధ్రాలు కూడా అసలు తోలులో ఉన్నవే. అది 1910ల నాటిది కావడం అసాధ్యమని అక్కడే అర్థమైంది.

నకోనాలో రాత్రి ఉండవలసిన అవసరం లేదు. మధ్యాహ్న భోజనానికి ఊళ్లో దొరికేది ఎక్కువగా మాంసాహారమే. జూలై ఎండ మనకు కొత్త కాదు కానీ, కారులో తోలు వస్తువులు వదిలి దిగకండి.

సెప్టెంబరు మొదటి వారంలో కూపర్స్‌టౌన్ వెళ్లాను. ఎడిసన్ నుంచి నాలుగు గంటల ప్రయాణం. వేసవి అంతా ఇక్కడ పిల్లల బేస్‌బాల్ శిబిరాలు జరుగుతాయి కనుక చుట్టుపక్కల గదులన్నీ ఆ కుటుంబాలతో నిండిపోతాయి, కొన్ని చోట్ల వారానికి తక్కువగా గది ఇవ్వరు. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాటితే ఊరు నెమ్మదిస్తుంది, అద్దెలు దిగుతాయి. సరస్సు ఒడ్డున 1909లో కట్టిన ఒటెసాగా హోటలు ఎంతో అందమైనది, మా స్తోమతుకు మించినది. సాయంత్రం దాని వెనుక వసారాలో కూర్చుని ఒట్సేగో సరస్సును చూడటంతో తృప్తిపడి, అరగంట దూరంలోని ఒనియోంటాలో మామూలు హోటలులో ఉన్నాను. శుభ్రమైన గది, మర్యాద తెలిసిన మనుషులు, న్యాయమైన ధర. మూడు ప్రయాణాల్లోనూ నాకు నచ్చిన బస ఇదే.

1939లో తెరిచిన బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంలో గ్లౌజులు ఎక్కువగా అద్దాల వెనుకే ఉంటాయి, చేత్తో తాకే వీలు లేదు. అయినా కాలక్రమం కళ్లకు కట్టాలంటే దీనిని మించిన చోటు లేదు. 1880ల నాటివి తాపీ పనివారి తొడుగుల్లా ఉంటాయి. గ్లౌజులు మరీ పెరిగిపోతుంటే 1895లో, క్యాచరు (వికెట్ కీపరు లాంటివాడు), మొదటి బేస్ ఆటగాడు మినహా మిగిలినవారి గ్లౌజు 10 ఔన్సుల బరువును, అరచేతి చుట్టూ 14 అంగుళాల కొలతను మించరాదని నియమం పెట్టారు. ఆ తరువాతి ఇరవై ఏళ్ల గ్లౌజుల్లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక తోలు పట్టీ మాత్రమే కుట్టి ఉంటుంది. సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు పిచ్చరు (బంతి విసిరే ఆటగాడు) బిల్ డోక్, ఆ పట్టీ బదులు లేసుతో వల అల్లితే బంతి అందులో కూర్చుంటుందని గ్లౌజులు చేసే రాలింగ్స్ సంస్థకు సూచించగా, 1920లో వచ్చిన ఆ గ్లౌజు మూడు దశాబ్దాలకు పైగా అమ్ముడైంది. కాబట్టి గ్లౌజు చేతికి వచ్చిన వెంటనే మొదట చూడవలసింది ఆ రెండు వేళ్ల నడుమ; పట్టీ కుట్టి ఉంటే ఒక కాలం, లేసు వల ఉంటే మరో కాలం. చవక రకాల్లో పాత పద్ధతి కొంతకాలం కొనసాగింది కనుక ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పకూడదు.

మ్యూజియం గ్రంథాలయంలో ముందుగా సమయం తీసుకుని కూర్చోవచ్చు. అక్కడ ఆట సామాను చేసే స్పాల్డింగ్ సంస్థ పాత వార్షిక సంచికల ప్రకటనల పేజీలు తిరగేస్తూ ఒక పూట గడిపాను. మణికట్టు గుండీల మీది ముద్రలు, బకిళ్లు, కుట్టు వరుసలు ఆ బొమ్మలలో స్పష్టంగా ఉన్నాయి. తోలు మీద ఉన్న ఆటగాడి పేరు, ఆ గ్లౌజు అతనిదని కాదు, అతను ఆ నమూనాకు పేరు ఇచ్చాడని మాత్రమే చెబుతుంది. అతను ఆడిన కాలం మాత్రం వయసు తేల్చడానికి పనికివస్తుంది. ‘జె.సి. హిగ్గిన్స్’ అన్న పేరు కనిపిస్తే ఆ ఆటగాడి కోసం వెతకనక్కరలేదు, అది ఒకప్పటి సియర్స్ దుకాణాల సొంత సరుకు పేరు.

దారికి కాస్త పక్కగా ఉన్న గ్లవర్స్‌విల్‌కు పేరులోనే గ్లౌజు ఉన్నా, ఆ ఊరు పేరు తెచ్చుకున్నది చలి తొడుగులకు, అలంకార తొడుగులకు. దానికోసం ప్రత్యేకంగా ఆగనక్కరలేదు.

కూపర్స్‌టౌన్ నుంచి నేరుగా మళ్లీ బ్రిమ్‌ఫీల్డ్ చేరాను. ఈసారి గది మే నెలలోనే మాట్లాడి ఉంచాను, పొలాల వేళలు కాగితం మీద రాసుకున్నాను, చిన్న టార్చిలైటు జేబులో పెట్టుకున్నాను. బుధవారం ఉదయం, చేపలు పట్టే గాలాల పెట్టె కింద నలిగి ఉన్న ఒక గ్లౌజు కనిపించింది. వేళ్లు విడివిడిగా ఉన్నాయి, రెండు వేళ్ల నడుమ కుట్టిన పట్టీ ఉంది, లైటు వేసి చూస్తే బూజు లేదు, గుండీ చుట్టూ తోలు కదిలించిన జాడ లేదు. అరచేతిలో సగం చెరిగిన ముద్రలో కుక్క బొమ్మ కనిపించింది. అది న్యూ హాంప్‌షైర్‌లోని ప్లిమత్ ఊళ్లో ఉండిన డ్రేపర్ అండ్ మేనార్డ్ సంస్థ చిహ్నం. 1880లలో వేళ్లు విరిగిన ఆర్థర్ ఇర్విన్ అనే ఆటగాడికి మెత్తలు పెట్టిన గ్లౌజు చేసి ఇచ్చినది ఆ సంస్థే. 65 డాలర్లు అడిగారు, బేరమాడకుండా ఇచ్చాను.

ఆ సంస్థ భవనం ఇప్పుడు ప్లిమత్ స్టేట్ విశ్వవిద్యాలయంలో భాగంగా నిలిచి ఉంది. వచ్చే మే నెలలో అక్కడికి వెళ్లడానికి గది మాట్లాడుకున్నాను. చిటికెనవేలి దగ్గర తెగిన లేసు ముక్కను అలాగే ఉంచి, గ్లౌజు మీది దుమ్మును మాత్రం పొడిగుడ్డతో తుడిచాను.