ప్యాకెట్ మీద 'మెరినో' అని ఉందని నమ్మి కొనకండి: ఫెల్టింగ్ ఉన్నితో నాకు జరిగింది

ఉన్నిని సబ్బునీళ్లతో తడిపి, రుద్ది అట్టలా బిగిసేలా చేయడమే ఫెల్టింగ్. అలా గోడకు వేలాడదీసే ఫెల్ట్ బొమ్మలు చేసేవాళ్లు, కొత్తగా మొదలుపెడదామని ఉన్ని కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. అరకిలో నీలం ఉన్ని, మూడు రోజుల చాకిరీ, మా అక్క కోసం అనుకున్న వాల్ హ్యాంగింగ్ అన్నీ పోగొట్టుకున్నాక రాస్తున్నాను. ఇంకెవరికీ ఇలా జరగకూడదు.

నేను అనుకున్న బొమ్మ రాత్రిపూట చెరువు. పైన చంద్రుడు, నీళ్లలో ఒంటికాలి మీద నిలబడిన తెల్ల కొంగ. కొంగకీ చంద్రుడికీ సరిపడా తెల్ల మెరినో (మెరినో జాతి గొర్రెల సన్నటి, మెత్తటి ఉన్ని) నా దగ్గర ఉంది, ఎప్పటినుంచో వాడుతున్నదే. చెరువుకీ ఆకాశానికీ మాత్రం రెండు రకాల నీలం కావాల్సి వచ్చి, ఇదివరకెప్పుడూ కొనని ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించాను. ఫొటోలు బాగున్నాయి, పేరులో మెరినో అని ఉంది, ఫెల్టింగ్‌కి అనువైనదని కూడా రాశారు. వచ్చాక ముట్టుకుంటే పట్టులా జారిపోతోంది, ఎంత మెత్తగా ఉందో అని సంబరపడ్డాను. అనుమానం రావాల్సింది అక్కడే. మంచి మెరినో మెత్తగానే ఉంటుంది కానీ రెండు పింజలు కలిపి వేళ్ల మధ్య నలిపితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, విడదీయబోతే కాస్త బిగువు తెలుస్తుంది. ఇది అలా పట్టుకోనే లేదు.

పూర్తయ్యాక 60 × 90 సెంటీమీటర్లు రావాలి. నేను వాడే తెల్ల ఉన్ని 30 శాతం దాకా కుంచించుకుపోతుంది కాబట్టి, అదే లెక్కన మొత్తం 86 × 129 కొలతలో పరిచాను. ఒక పొర నిలువు, దాని మీద ఒకటి అడ్డం, అలా నాలుగు పొరలు, పైన కొంగ. వేడి సబ్బునీళ్లు చల్లి, బబుల్ ర్యాప్ కప్పి రుద్దడం మొదలుపెట్టాను. గంట తిరిగేసరికి కొంగ చక్కగా అట్టకట్టింది. నీలం మాత్రం తడిసిన దూదిలా అలాగే ఉంది. లోపం నా పనిలోనే ఉందనుకున్నాను. ఇంకా వేడి నీళ్లు, ఇంకాస్త సబ్బు, చుట్టగా చుట్టి దొర్లించడం, విప్పి అటువైపు నుంచి మళ్లీ చుట్టడం, రాత్రి పదకొండు దాకా ఇదే పని, మర్నాడు కూడా ఇదే.

రెండో రోజు సాయంత్రానికి తెల్ల ఉన్ని బిగుసుకుని దగ్గరకొచ్చేసింది, దాని చుట్టూ ఉన్న నీలం రెండు వేళ్ల వెడల్పు కూడా తగ్గలేదు. దాంతో కొంగ చుట్టూ చెరువంతా కుచ్చిళ్లు పోసినట్టు ముడతలు పడింది. సన్నగా, ఎంతో ఓపికగా పరిచిన కొంగ మెడ మెలితిరిగిపోయింది. చంద్రుడి అంచులకి నీలం రంగు దిగి మరకలయ్యాయి. అరచేత్తో నిమిరితే నీలం పోగులు సాలెగూడులా చేతికి అంటుకుని లేచి వస్తున్నాయి. ఫెల్ట్ సరిగ్గా కుదిరితే రెండు వేళ్లతో గిల్లి ఎత్తినప్పుడు పొర మొత్తం కదలాలి, ఇక్కడ గిల్లిన చోటల్లా విడి పోగులే చేతికొచ్చాయి.

అయినా వదల్లేక మూడో రోజు సూదితో పొడుస్తూ కూర్చున్నాను, వెనకాల గుడ్డ వేసి కుట్టాను. బరువంతా ఒకచోట పడకుండా పై అంచున ఈ చివర నుంచి ఆ చివరికి గుడ్డ గొట్టం కుట్టి, అందులో కర్ర దూర్చి మా ఇంట్లోనే గోడకు వేలాడదీసి చూశాను. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అమ్మినవాళ్లు తర్వాత "వేలాడదీసిన పద్ధతి తప్పు" అన్నారు. రెండు మేకులు కొట్టి మూలలకి తగిలిస్తే మధ్యలో జారుతుంది, నిజమే, నేను అలా చేయలేదు. పదో రోజుకి చెరువు భాగం తన బరువుకి తానే కిందికి జారి, అడుగున సంచిలా ఉబ్బింది. పోగులు ఒకదాన్నొకటి పట్టుకోకపోతే ఏ కర్రా కాపాడలేదు. సరైన ఉన్నితో చేసిన ఫెల్ట్ ఎంతకాలం ఉంటుందో తెలుసా, సైబీరియాలోని ఆల్టాయ్ పర్వతాల్లో పాజిరిక్ అనే చోట ఒక పురాతన సమాధిలో మంచులో గడ్డకట్టి ఉన్న పెద్ద ఫెల్ట్ తెర ఒకటి 1949లో బయటపడింది. రెండు వేల ఏళ్లు దాటిన ఆ తెర ఇప్పటికీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది.

అసలు సంగతి ఏమిటంటే, ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, తడి, సబ్బు, రాపిడి కలిస్తే ఆ పొలుసుల వల్ల పోగులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని మళ్లీ వెనక్కి రావు. ఉన్నిలా కనిపించే కృత్రిమ పోగు యాక్రిలిక్‌కి ఆ పొలుసులే ఉండవు, ఎన్ని రోజులు రుద్దినా అంతే. ఇంకో రకం సూపర్‌వాష్ ఉన్ని. అది నిజమైన ఉన్నే, కానీ వాషింగ్ మెషిన్‌లో వేసినా కుంచించుకుపోకుండా క్లోరిన్‌తో ఆ పొలుసుల్ని అరగదీసి, పైన పల్చటి పాలిమర్ పూత వేస్తారు. స్వెటర్లకి బాగుంటుంది, తడి ఫెల్టింగ్‌కి మాత్రం పనికిరాదు.

మిగిలిన ఉన్నిని అప్పుడు పరీక్ష చేశాను. ముందే చేసి ఉంటే ఈ పోస్టు రాసే అవసరమే వచ్చేది కాదు. చిన్న పింజని పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్లెం పెట్టి వెలిగించాను. ఉన్ని అయితే నెమ్మదిగా అంటుకుంటుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది, చల్లారాక బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. నా ముదురు నీలం కరిగి, నల్లటి గట్టి పూసలా మిగిలింది. అంటే అందులో సింథటిక్ కలిపారు. లేత నీలం సరిగ్గా ఉన్నిలాగే కాలింది, అయినా అది కూడా అట్టకట్టలేదు, కాబట్టి సూపర్‌వాష్ అయి ఉండాలి. అందుకే కాల్చి చూసి ఊరుకుంటే చాలదు. 20 × 20 సెంటీమీటర్ల ముక్క పరిచి, ఫెల్ట్ చేసి, స్కేలుతో కొలవండి. అరగంట గట్టిగా రుద్ది దొర్లించినా ఇంకా 19 దగ్గరే ఉంటే ఆ ఉన్నితో పెద్ద పని మొదలుపెట్టకండి.

రంగు కూడా చూసుకోవాలి. పింజని వేడి సబ్బునీళ్లలో తడిపి తెల్ల కాటన్ గుడ్డలో చుట్టి పది నిమిషాలు నొక్కి ఉంచండి, గుడ్డకి మరక పడితే తెల్లటి బొమ్మల పక్కన వాడొద్దు.

కల్తీ తెలుసుకోవడానికి బ్లీచ్ పరీక్ష కూడా ఉంది, గాజు సీసాలో ఇంట్లో వాడే క్లోరిన్ బ్లీచ్ పోసి చిటికెడు పింజ వేసి రాత్రంతా ఉంచితే ఉన్ని కరిగిపోతుంది, యాక్రిలిక్ మిగిలిపోతుంది. కానీ గ్లవ్స్ వేసుకోండి, గాలి ఆడే చోట చేయండి. మనలో చాలామంది ఫెల్ట్‌లో సబ్బు పోవడానికి చివర్లో వెనిగర్ నీళ్లలో జాడిస్తాం కదా, ఆ వెనిగర్ ఈ బ్లీచ్ దరిదాపుల్లోకి కూడా రాకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చాలా ప్రమాదం.

అమ్మినవాళ్లకి ఫొటోలు, కాల్చిన వీడియో అన్నీ పంపాను. మొదట "చేతిపనిలో తేడాలు సహజం" అన్నారు, తర్వాత వేలాడదీసిన పద్ధతి తప్పన్నారు, చివరికి వాపసు గడువు దాటిపోయిందన్నారు. గడువు దాటిన మాట నిజం, ప్యాకెట్ వచ్చాక నెలరోజులు అల్మారాలో పెట్టి ఆ తర్వాతే విప్పాను. మీరు మాత్రం వచ్చిన రోజే విప్పుతూ వీడియో తీసి, అదే రోజు చిన్న ముక్క ఫెల్ట్ చేసి చూడండి. కొనేముందు ఉన్ని శాతం ఎంత, పోగు మందం ఎన్ని మైక్రాన్లు, సూపర్‌వాషా కాదా అని రాతపూర్వకంగా అడగండి. నేను తర్వాత ఆ ప్రకటన మళ్లీ తెరిచి చూస్తే పేరులో 'మెరినో సాఫ్ట్' అని ఉంది, దేనితో చేశారో చెప్పాల్సిన గడి ఖాళీగా ఉంది. ఈ రెండూ ఒకేచోట కనిపిస్తే అక్కడ కొనకండి.

ఇప్పుడు వేరేచోట వంద గ్రాములు మాత్రమే తెప్పించాను. 20 సెంటీమీటర్ల ముక్క 14కి వచ్చింది, తెల్ల గుడ్డకి మరక పడలేదు. మిగతా నీలం అదే బ్యాచ్‌లోంచి పంపమని అడిగాను, అది రాగానే కొంగ పని మళ్లీ మొదలుపెడతాను.