మార్చిలో ఆల్ప్స్ కింద సైకిలు: ఈజార్ దారి మేలా, లోయిసాఖ్ దారి మేలా?

ఫిబ్రవరి దాటిందంటే చాలు, మ్యూనిక్‌లోని మనవాళ్ళు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. రోడ్డు బైకు బయటికి తీశాం, కొండల వైపు ఏ దారిన వెళ్ళమంటారు అని. వాళ్ళు తేల్చుకోలేని రెండు దారులూ ఎస్7 లోకల్ రైలు చివరి స్టేషన్ వోల్ఫ్రాట్స్‌హౌజెన్ దగ్గరే విడిపోతాయి. లోయిసాఖ్ నది ఈజార్‌లో కలిసేదీ అక్కడే. ఈజార్ వెంట ఎగువకు పోతే బాద్ ట్యోల్స్, లెంగ్రీస్, ఆపైన సిల్వెన్‌స్టైన్ జలాశయం. లోయిసాఖ్ వెంట పోతే బోయర్‌బెర్గ్, బెనెడిక్ట్‌బోయర్న్, చివర కోఖెల్ సరస్సు.

అందమే లెక్కయితే ఈజార్‌దే పైచేయి. తెల్లటి గులకరాళ్ళ తిన్నెల మధ్య లేత ఆకుపచ్చ నీళ్ళు, రెండు పక్కలా ముంచుకొచ్చే కొండలు. 1959లో పూర్తయిన సిల్వెన్‌స్టైన్ ఆనకట్ట కోసం ఫాల్ అనే ఊరు మునిగిపోయింది. అక్కడి వంతెన మీద ఆగినప్పుడల్లా నాకు శ్రీశైలం ముంపు ఊళ్ళు గుర్తొస్తాయి.

కానీ మార్చిలో నేను ముందు చూసేది ఎండ ఎక్కడ పడుతుందని. మన దగ్గర శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. ఇక్కడ ఉగాది నాటికి కూడా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఆకాశంలో సగం ఎత్తు దాటి పెద్దగా ఎక్కడు. లెంగ్రీస్ దాటాక లోయ ఇరుకవుతుంది, పడమటి వైపు కొండలు సాయంత్రం కాకముందే ఎండను మింగేస్తాయి. పగలు కరిగిన మంచు రోడ్డుకి అడ్డంగా పారి, రాత్రికి గడ్డకట్టి, పొద్దున పదింటికి కూడా అలాగే ఉంటుంది. దానికి తోడు చలికాలమంతా జారకుండా చల్లిన రాతి చిప్స్. ఊడ్చేదాకా అవి మలుపుల్లోనే పోగుపడి ఉంటాయి.

మూడేళ్ళ కిందట, మార్చి రెండో వారంలో, లెంగ్రీస్ పైన అడవిలో ఒక మలుపు తిరిగాను. అప్పటిదాకా పొడిగా ఉన్న రోడ్డు నీడలోకి రాగానే నల్లగా మెరిసింది. తడి అనుకున్నాను, మంచు. వెనక చక్రం పక్కకి లాగేసింది. మోచేతిలో దిగిన రాతి ముక్కలు బియ్యపు నూకంత ఉన్నాయి, అంచులు మాత్రం గాజుపెంకుల్లా పదును. ఒక్కొక్కటే కడిగి తీయడానికి అరగంట పట్టింది. అప్పటినుంచి ఏప్రిల్ చివరి దాకా ఆ వైపు పోను.

లోయిసాఖ్ దారిలో ఈ బెడద చాలా తక్కువ. బెనెడిక్ట్‌బోయర్న్ చుట్టూ ఉన్నది బల్లపరుపు బురదనేల. ఎండుగడ్డి రంగులో కనుచూపు మేర పరుచుకుని, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎండలోనే ఉంటుంది. ఎదురుగా 1,800 మీటర్ల బెనెడిక్టెన్‌వాండ్ మంచుతో తెల్లగా మెరుస్తుంటే, మీ చక్రాల కింద రోడ్డు పొడిగా ఉంటుంది. సూర్యకాంతిలోని నల్లగీతలను శోధించిన ఫ్రౌన్‌హోఫర్ గాజు కరిగించింది ఇక్కడి మఠంలోనే. ఈ వెలుగులో ఆ మఠం గోడ పక్కన ఆగి టీ తాగకుండా నేనెప్పుడూ ముందుకు పోలేదు. పొలాల్లో పేడనీళ్ళు చిమ్మే రోజైతే వాసన గట్టిగానే ఉంటుంది, దానికి సిద్ధపడండి.

ఒక్క హెచ్చరిక. కోఖెల్ చేరాక ఊపులో కెస్సెల్‌బెర్గ్ ఎక్కేయకండి. 600 మీటర్ల నుంచి 858కి ఎక్కే ఆ మెలికల రోడ్డు కొండకు ఉత్తరం వైపు ఉంది, అంటే మళ్ళీ నీడే. ఎక్కడం ఎలాగో ఎక్కుతారు, దిగేటప్పుడే ప్రమాదం.

మామూలు రోజుల్లో వోల్ఫ్రాట్స్‌హౌజెన్ నుంచి తొక్కుకుంటూ వెళ్ళి, కోఖెల్ నుంచి రైల్లో తిరిగి రండి. ఫ్యోన్ గాలి వీచే రోజు మాత్రం తిరగెయ్యండి. ఆ వెచ్చటి దక్షిణపు గాలికి కొండలు చేయి చాస్తే అందేంత దగ్గరగా కనిపిస్తాయి. అలాంటి రోజు రైల్లో కోఖెల్ వెళ్ళి, గాలిని వీపున పెట్టుకుని ఉత్తరానికి తొక్కండి.

టేగర్న్‌జే సరస్సు సంగతీ అడుగుతారు. బాగుంటుంది, కానీ వారాంతంలో కార్లు ఎక్కువ. స్టార్న్‌బెర్గ్ సరస్సు చుట్టు అయితే కాళ్ళు సాగదీసుకోవడానికి సరిపోతుంది.

ఈ శనివారం నేను కోఖెల్‌కే వెళ్తున్నాను. పొద్దున తొమ్మిదిన్నర దాటాకే బయల్దేరతాను, ఆపాటికి బోయర్‌బెర్గ్ అడవిలోని ఆ ఒక్క నీడ మలుపు కూడా ఆరిపోతుంది.