ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్ జనరేటర్: లెక్క నమ్మవచ్చు, గడులు నింపేటప్పుడే జాగ్రత్త

ఎఫ్‌పీజీఏ (కావలసిన సర్క్యూట్‌ను మనమే అమర్చుకోగల చిప్) డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే ఒక ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్ (సిగ్నల్‌లో అక్కరలేని ఫ్రీక్వెన్సీలను తగ్గించే డిజిటల్ ఫిల్టర్) జనరేటర్‌ను కొన్ని నెలలుగా వాడుతున్నాను. కోఎఫిషియెంట్ల (సిగ్నల్ నుంచి తీసిన కొలతలను, అంటే శాంపిళ్లను, గుణించే స్థిర సంఖ్యల) ఫైలు ఇచ్చి, శాంపిల్ రేటు (సెకనుకు వచ్చే శాంపిళ్ల సంఖ్య), క్లాక్ (చిప్ పనిచేసే వేగం), బిట్ల వెడల్పు నింపితే చాలు, హార్డ్‌వేర్‌ను అదే సిద్ధం చేస్తుంది. దాని లెక్కల్లో నాకు ఎక్కడా తప్పు కనిపించలేదు.

నా ఫిల్టర్‌కు 63 ట్యాప్‌లు, అంటే 63 కోఎఫిషియెంట్లు, ఉన్నాయి. కోఎఫిషియెంట్లు సౌష్ఠవంగా (మొదటి సగం అద్దంలో చూసినట్టే రెండో సగం) ఉన్నాయని తానే గుర్తించి, జత శాంపిళ్లను ముందే కూడి, ఒక్కో ఫలితానికి 63 గుణకారాలకు బదులు 32తో సరిపెట్టింది. 16 బిట్ల డేటాను 16 బిట్ల కోఎఫిషియెంట్లతో గుణిస్తే 32 బిట్లు, లబ్ధాల మొత్తం పొంగిపోకుండా మరో 6, వెరసి 38 బిట్లు కావాలన్నది మనం చేత్తో వేసుకునే లెక్క. ఇదైతే కోఎఫిషియెంట్ల పరమ విలువల మొత్తాన్ని చూసి, అంతకన్నా తక్కువ వెడల్పే చాలునని చూపింది.

నన్ను ఇబ్బంది పెట్టింది శాంపిల్ రేటు గడి. నా క్లాక్ 100 మెగాహెర్ట్జ్, శాంపిల్ రేటు 10 మెగాహెర్ట్జ్. గడిలో ముందే ఉన్న 1 మెగాహెర్ట్జ్‌ను మార్చడం మరిచాను. ఒక్కో శాంపిల్‌కు 100 క్లాక్‌లు దొరుకుతాయనుకున్న జనరేటర్ ఒకే గుణకంతో (గుణకారం చేసే సర్క్యూట్‌తో) పని ముగించేలా కోర్‌ను, అంటే ఫిల్టర్ హార్డ్‌వేర్‌ను, కట్టింది. నిజానికి దొరికేవి 10 మాత్రమే, కాబట్టి కనీసం నాలుగు గుణకాలు కావాలి. కోర్ తన రెడీ సిగ్నల్‌ను (తరువాతి శాంపిల్‌కు సిద్ధమని తెలిపే సంకేతాన్ని) దించి ఆగమంటున్నా, సిగ్నల్‌ను శాంపిళ్లుగా మార్చే ఏడీసీ ఆగదు కనుక మూడింట రెండు వంతులకు పైగా శాంపిళ్లు పోయి, కటాఫ్ (ఫిల్టర్ అడ్డుకోవడం మొదలుపెట్టే ఫ్రీక్వెన్సీ) ఆ మేరకు కిందికి జారింది. సిమ్యులేషన్‌లో ఇది బయటపడలేదు, ఎందుకంటే నా టెస్ట్‌బెంచ్ (కోర్‌కు పరీక్ష డేటా పంపే కోడ్) రెడీ కోసం ఓపికగా వేచి చూసింది. శాంపిల్‌కు ఎన్ని క్లాక్‌లు దక్కుతున్నాయో ఆ గడి పక్కనే చూపి ఉంటే ఈ పొరపాటు అక్కడే దొరికేది.

ఫలితాన్ని కుదించే పద్ధతిగా ముందే ఎంచి ఉంచిన ట్రంకేషన్ (చివరి బిట్లను కత్తిరించేయడం) కూడా నాకు నచ్చలేదు. టూస్ కాంప్లిమెంట్‌లో (రుణ సంఖ్యలను బిట్లలో రాసే పద్ధతిలో) అది విలువను ఎప్పుడూ కిందికే లాగి, సగటున సగం ఎల్‌ఎస్‌బీ (మిగిలే అతి చిన్న బిట్ విలువ) మేర డీసీ ఆఫ్‌సెట్ (ఫలితాలన్నిటిలో ఉండిపోయే స్థిరమైన తేడా) మిగులుస్తుంది. కన్వర్జెంట్ రౌండింగ్ (దగ్గరి విలువకు, సరిగ్గా మధ్యలో ఉంటే సరి సంఖ్యకు సవరించడం) ఎంచుకుంటే ఆ బెడద ఉండదు.

ఈ జనరేటర్‌ను వాడమనే చెబుతాను. కోర్ తయారయ్యాక ఒక ఇంపల్స్‌ను (ఒక్క శాంపిల్ తప్ప మిగతావన్నీ సున్నాలైన సిగ్నల్‌ను) అసలు శాంపిల్ రేటుతోనే, రెడీ కోసం ఆగకుండా పంపి, కోఎఫిషియెంట్లు 63 వరుస తప్పకుండా బయటికి వస్తున్నాయో లేదో చూసిన తరువాతే బోర్డుపైకి ఎక్కించండి.