జెఫైర్ వెస్ట్, డివైస్‌ట్రీ: వెర్షన్ల కాపలా భేష్, ఓవర్‌లేల మౌనమే చిక్కు

ఆర్నెల్ల కిందట బిల్డ్ అయిన ఫర్మ్‌వేర్ ఇవాళ మొరాయిస్తే, తప్పు చాలాసార్లు మన కోడ్‌లో ఉండదు. కెర్నలో, వెండర్ హెచ్‌ఏఎల్లో (చిప్ కంపెనీ ఇచ్చే హార్డ్‌వేర్ కోడ్ పొర), కంపైలరో మారి ఉంటుంది. చిన్న చిప్‌ల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన జెఫైర్ ఆర్‌టీఓఎస్‌తో వాడే వెస్ట్ అనే టూల్ ఉన్నది ఈ కదలికకు తాళం వేయడానికే. ఆ పనికి దానికి అయిదుకు నాలుగు ఇవ్వొచ్చు. హార్డ్‌వేర్‌ను వర్ణించే డివైస్‌ట్రీకి మూడు దాటవు.

ముందు వెస్ట్ సంగతి. మేనిఫెస్ట్ ఫైలును (ఏ కోడ్ రిపోజిటరీ ఏ వెర్షన్‌లో కావాలో రాసే జాబితా) అప్లికేషన్ రిపోలోనే పెట్టుకోవాలి. అందులో జెఫైర్ రివిజన్‌ను v3.7.0 లాంటి ట్యాగ్‌కు కట్టేయాలి. 'మెయిన్' అని (ఎప్పుడూ కదిలే బ్రాంచ్ పేరు) రాస్తే తాళం వేసి చెవి గుమ్మానికే వదిలేసినట్టు. ఇంపోర్ట్ కింద నేమ్ అలౌలిస్ట్ (తేవాల్సిన పేర్ల జాబితా) ఇచ్చి సీమ్‌సిస్ (ఆర్మ్ చిప్‌ల ఉమ్మడి కోడ్), మీ చిప్ హెచ్‌ఏఎల్, ఎంసీయూబూట్ (బూట్‌లోడర్) వరకే తెచ్చుకోండి. లేదంటే మీకు సంబంధం లేని చిప్‌ల హెచ్‌ఏఎల్‌లు కూడా దిగి డిస్క్‌లో గిగాబైట్లు తినేస్తాయి. ఏదైనా మాడ్యూల్‌కు మీ సొంత ఫోర్క్ కావాలంటే అదే పేరుతో మీ మేనిఫెస్ట్‌లో రాస్తే చాలు, ఇంపోర్ట్ అయినదాని కంటే అదే చెల్లుతుంది. రిలీజ్ రోజున 'వెస్ట్ మేనిఫెస్ట్' కమాండ్‌ను ఫ్రీజ్ ఆప్షన్‌తో నడిపితే మేనిఫెస్ట్ ఉన్న రిపో తప్ప మిగతా ప్రతి రిపో కమిట్ హ్యాష్ ఒకే ఫైలులో వస్తుంది. ఆ ఫైలును బైనరీ పక్కనే భద్రపరచండి.

నాలుగే ఎందుకంటే, ఈ తాళం జెఫైర్ ఎస్‌డీకేకు (కంపైలర్ ఉన్న మూట), పైథాన్ ప్యాకేజీలకు పడదు. వాటి వెర్షన్లను కంటైనర్‌లో విడిగా బిగించాలి. ఇంకో మాట: 'వెస్ట్ అప్‌డేట్' తాను తెచ్చిన ప్రతి రిపోనూ డిటాచ్డ్ హెడ్ స్థితిలో (ఏ బ్రాంచ్‌పైనా లేకుండా) వదులుతుంది. బ్రాంచ్ పెట్టకుండా మాడ్యూల్‌లో కమిట్ చేశారో, తర్వాతి అప్‌డేట్ తర్వాత దాన్ని రిఫ్‌లాగ్‌లో (గిట్ రాసుకునే కదలికల చిట్టా) తవ్వుకోవాల్సిందే.

ఇక డివైస్‌ట్రీ. నోడ్‌లో (ఒక్కో హార్డ్‌వేర్ భాగం వివరణ) బైండింగ్‌కు (ఆ నోడ్‌లో ఏమేం రాయొచ్చో చెప్పే నియమాల ఫైలు) తెలియని ప్రాపర్టీ రాస్తే బిల్డ్ అక్కడే ఆగి, ఏ ఫైలులో ఏ పేరో చెబుతుంది. బాగుంది. కానీ 'కంపాటిబుల్' స్ట్రింగ్‌లోనే (ఏ బైండింగ్ వాడాలో చెప్పే పేరు) ఒక అక్షరం తప్పితే దానికి బైండింగే దొరకదు, ప్రాపర్టీల మ్యాక్రోలు పుట్టవు, డ్రైవర్ కంపైల్ కాదు. బయటపడేది చివర్లో, లింకర్ (కంపైలైన ముక్కలను కలిపే టూల్) దగ్గర: డివైస్ ఆర్డినల్ (నోడ్ వరస సంఖ్య) 47 దొరకలేదంటూ అర్థంకాని సింబల్. ఆ 47 ఏ నోడో తెలియాలంటే బిల్డ్ ఫోల్డర్‌లో పుట్టిన డివైస్‌ట్రీ హెడర్ తెరవండి; ఆరంభంలోని కామెంట్‌లో ఆర్డినల్, నోడ్ దారి వరసగా ఉంటాయి. నోడ్ స్టేటస్ 'ఓకే' కాకపోయినా, కేకాన్ఫిగ్‌లో (ఫీచర్ల ఆన్, ఆఫ్ సెట్టింగులు) డ్రైవర్ ఆగిపోయినా దాదాపు ఇదే లక్షణం. మూడు జబ్బులకూ ఒకటే జ్వరం.

బోర్డు డివైస్‌ట్రీపై మన మార్పులు రాసే ఓవర్‌లేలది మరో తంటా. బోర్డ్స్ ఫోల్డర్‌లో బోర్డు పేరుతో ఓవర్‌లే దొరికిందంటే యాప్ ఓవర్‌లే ఫైలును అసలు చదవదు. రెండూ కలుస్తాయనుకుని సగం మార్పులు ఇందులో, సగం అందులో రాస్తే, యాప్ ఓవర్‌లేలోని సగం చప్పుడు లేకుండా పోతుంది. రెండూ కావాలంటే ఎక్స్‌ట్రా డీటీసీ ఓవర్‌లే ఫైల్ వేరియబుల్‌తో ఇవ్వాలి. ఫైలు పేరు బోర్డు పేరుతో సరిపోకపోయినా అంతే, ఎర్రర్ ఉండదు. సీమేక్ (బిల్డ్ టూల్) అవుట్‌పుట్‌లో 'ఫౌండ్ డివైస్‌ట్రీ ఓవర్‌లే' అనే లైన్ ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి. చివరికి ఏం మిగిలిందో బిల్డ్ ఫోల్డర్‌లోని జెఫైర్ డీటీఎస్ ఫైలులో కనిపిస్తుంది. వాదించే ముందు అది తెరవడం మేలు.

పాత వెర్షన్ నుంచి 3.7కు వచ్చేవాళ్లు కొత్త హార్డ్‌వేర్ మోడల్‌ను (బోర్డులను వర్ణించే కొత్త పద్ధతి) దాటాలి. బోర్డు పేరులో ఎస్ఓసీ (చిప్) భాగం అండర్‌స్కోర్ బదులు స్లాష్‌తో విడిపోయింది, ప్రతి బోర్డుకూ యామల్ రూపంలో బోర్డు వివరణ ఫైలు వచ్చింది. జెఫైర్‌లోనే ఉన్న బోర్డుల పాత పేర్లకు 3.7 హెచ్చరికతో సరిపెడుతుంది. మీ సొంత బోర్డును మాత్రం మీరే మార్చుకోవాలి, అందుకు స్క్రిప్ట్ కూడా ఇచ్చారు. డెప్రికేట్ అయిన (తీసేస్తామని ముందే చెప్పిన) ఏపీఐని కనీసం రెండు రిలీజ్‌ల పాటు ఉంచుతారు కాబట్టి, అయిదారు రిలీజ్‌లు ఒకే గంతులో దాటేవాళ్లకు హెచ్చరికలు కనబడవు, నేరుగా ఎర్రర్లే. ఒక్కో రిలీజ్ మైగ్రేషన్ గైడ్ చదువుతూ మెట్టుమెట్టుగా రండి. ప్రతి మెట్టు దగ్గరా ప్రిస్టీన్ బిల్డ్ (పాతదంతా తుడిచి మొదటి నుంచి) చేయండి, పాత సీమేక్ క్యాష్ మిగిలితే లేని తప్పులు కూడా పుడతాయి.