"మా సొంత చెస్ ఇంజిన్" అని అమ్ముతున్న పెన్‌డ్రైవ్ ప్యాకేజీలు: డబ్బు కట్టకముందు ఇది చదవండి

పిల్లలకు చెస్ నేర్పిస్తున్న తల్లిదండ్రులకు, టోర్నమెంట్లు ఆడేవాళ్లకు, చెస్ ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లకు ఈ హెచ్చరిక. "మా సొంత ఏఐ ఇంజిన్, 4000 ఎలో (ఆట బలాన్ని చెప్పే రేటింగు), కోటి గ్రాండ్‌మాస్టర్ గేమ్‌లు, 7 పావుల ఎండ్‌గేమ్ డేటాబేస్ పూర్తిగా, అన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో" అంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్యాకేజీలు కొనకండి. అలాంటిది ఒకటి మా అక్కావాళ్లు వాళ్ల అబ్బాయి కోసం రూ. 6,500 పెట్టి తెప్పించారు. ఇన్‌స్టాల్ అవ్వడం లేదని నాకిచ్చారు. నేను ప్రోగ్రామర్‌ని, చెస్ ఇంజిన్ల లోపలి సంగతులు కొంత తెలుసు కాబట్టి విప్పి చూశాను. అందులో ఉన్నవన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేవే. తయారుచేసినవాళ్ల పేర్లు చెరిపేసి, అమ్మేవాళ్ల పేరు అతికించారు.

ఆ అమ్మకందారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది. పైగా ఇలాంటివాళ్లు వచ్చే నెల ఇంకో పేరుతో, ఇంకో లోగోతో వస్తారు. అందుకని సరుకును ఎలా గుర్తుపట్టాలో వివరంగా రాస్తున్నాను.

ముందు ఇంజిన్ సంగతి. చెస్ ఇంజిన్‌కు బోర్డు, బొమ్మలు ఉండవు. అది ఏ ఎత్తు మంచిదో లెక్కగడుతూ వెనకాల నడిచే ప్రోగ్రాము. బోర్డు చూపించే వేరే ప్రోగ్రాముతో యూసీఐ అనే పద్ధతిలో మాట్లాడుతుంది. 2000లో వచ్చిన ఈ పద్ధతినే ఇవాళ దాదాపు అన్ని ఇంజిన్లూ వాడుతున్నాయి. కాబట్టి ఇంజిన్ ఫైలును నేరుగా కమాండ్ విండోలో తెరిచి 'యూసీఐ' అని ఆ మూడు ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తన పేరు, రాసినవాళ్ల పేరు, తనలో ఉన్న సెట్టింగులు వరసగా చెబుతుంది. ఈ ప్యాకేజీలోని ఇంజిన్ కూడా చెప్పింది. పేరు పెట్టె మీద ఉన్నదే, రాసినవారి స్థానంలో అమ్మినవాళ్ల పేరే. కానీ కింద సెట్టింగుల జాబితా మాత్రం స్టాక్‌ఫిష్ అనే ఉచిత ఇంజిన్‌దే. థ్రెడ్స్, హ్యాష్, మల్టీపీవీ, స్కిల్ లెవెల్, మూవ్ ఓవర్‌హెడ్, సిజిజీ పాత్... అదే మాట, అదే వరస.

అది ఒక్కటే చాలదు. వేరే ఇంజిన్లలో కూడా ఇలాంటి సెట్టింగులు ఉంటాయి. అసలు పరీక్ష 'బెంచ్' కమాండ్. స్టాక్‌ఫిష్‌కు ఈ కమాండ్ ఇస్తే ముందే నిర్ణయించిన కొన్ని పొజిషన్లను తీసుకుని, నిర్ణీత లోతు దాకా వెతికి, మొత్తం ఎన్ని నోడ్లు (వెతుకులాటలో ఎదురైన పొజిషన్లు) చూసిందో చివర్లో ఒక సంఖ్య ఇస్తుంది. దాన్ని డెవలపర్లు ఆ వెర్షన్ సంతకంగా చూస్తారు. వెతికే పద్ధతిలో గానీ, పొజిషన్‌ను అంచనా వేసే పద్ధతిలో గానీ ఏ కాస్త మార్పు చేసినా ఆ సంఖ్య మారుతుంది. నేను స్టాక్‌ఫిష్ అధికారిక సైట్ నుంచి వెర్షన్ 16 దించుకుని, దాన్నీ అమ్మిన ఇంజిన్‌నూ పక్కపక్కన పెట్టి బెంచ్ నడిపాను. చివరి అంకె దాకా ఒకటే సంఖ్య వచ్చింది. అంటే ఆట తెలివిలో వీళ్లు చేర్చింది ఏమీ లేదు.

"మేమే ట్రైన్ చేసిన న్యూరల్ నెట్‌వర్క్" అని ప్రకటనలో గొప్పగా వేసిన ఫైలు కూడా అంతే. స్టాక్‌ఫిష్ వాళ్లు నెట్‌వర్క్ ఫైళ్లకు పేరు పెట్టే పద్ధతి ఒకటుంది. ఆ ఫైలు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌లోని (ఫైలులో ఉన్నదాన్ని బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) మొదటి 12 అక్షరాలనే పేరులో పెడతారు. అందువల్ల ఎవరు ఏ పేరుతో పిలిచినా, హ్యాష్ లెక్క తీస్తే పుట్టినప్పటి పేరు బయటికొస్తుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఎవరైనా ఈ లెక్క తీయొచ్చు. నేను తీశాను. స్టాక్‌ఫిష్ 16తో వచ్చే నెట్‌వర్కే అది.

ఇక్కడ నాకు బాధ కలిగించిన విషయం చెప్పాలి. స్టాక్‌ఫిష్ ఒక్కరి సొత్తు కాదు. టోర్డ్ రోమ్‌స్టాడ్ రాసిన గ్లారుంగ్ అనే ఇంజిన్ నుంచి 2008లో మార్కో కోస్టాల్బా దీన్ని మొదలుపెట్టారు. ఆ తర్వాత ఎంతోమంది చెయ్యి పడింది. 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే వ్యవస్థలో ప్రపంచం నలుమూలలా వాలంటీర్లు తమ కంప్యూటర్లను ఖాళీ సమయంలో దీనికి ఇస్తున్నారు. ఒక మార్పు పనికొస్తుందా లేదా తేల్చడానికి వేల గేమ్‌లు ఆడించి చూస్తారు. 2020లో స్టాక్‌ఫిష్ 12తో వచ్చిన న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి కూడా మొదట జపాన్‌లో యు నాసు అనే ఆయన షోగి ఆట కోసం 2018లో తయారుచేసినది. ఇంతమంది కష్టపడి అందరికీ ఊరికే ఇచ్చినదాన్ని వాళ్ల పేర్లు తీసేసి అమ్మడమంటే, ఊరందరూ కలిసి తవ్వుకున్న బావికి ఒకడు తాళం వేసి బిందెకింత అని వసూలు చేసినట్టే.

అమ్మినవాళ్లను అడిగితే వచ్చిన జవాబు: "ఓపెన్ సోర్స్ అంటే ఎవరైనా అమ్ముకోవచ్చు సర్, మీకు తెలియదా?" ఇందులో సగమే నిజం, మిగతా సగంలోనే మోసం ఉంది. స్టాక్‌ఫిష్ లైసెన్సు జీపీఎల్ మూడో వెర్షన్. దాని ప్రకారం డబ్బు తీసుకుని ఇవ్వడం తప్పు కాదు. కానీ అది స్టాక్‌ఫిష్ అన్న కాపీరైట్ ప్రకటనలు చెరపకూడదు, లైసెన్సు ప్రతిని జతచేయాలి, సోర్స్ కోడ్ అందుబాటులో ఉంచాలి, కొన్నవాళ్లు దాన్ని మళ్లీ పదిమందికి పంచుకోకుండా అడ్డుపెట్టకూడదు. ఈ ప్యాకేజీలో లైసెన్సు ఫైలు లేదు, సోర్స్ కోడ్ లేదు. పైగా ఒక్క కంప్యూటర్‌కే పనిచేసే యాక్టివేషన్ కీ, "కాపీ చేస్తే చట్టపరమైన చర్య" అనే బెదిరింపు.

ఇది చిల్లర విషయమని కొట్టిపారేయకండి. 2021 ఫిబ్రవరిలో జర్మనీకి చెందిన ఛెస్‌బేస్ సంస్థ ఫ్యాట్ ఫ్రిట్జ్ 2 అనే ఇంజిన్‌ను విడుదల చేసినప్పుడు, అది చాలా కొద్ది మార్పులతో వచ్చిన స్టాక్‌ఫిష్ అని స్టాక్‌ఫిష్ బృందం బహిరంగంగా అభ్యంతరం చెప్పింది. అదే ఏడాది జులైలో కోర్టుకు వెళ్లింది. 2022 నవంబరులో రాజీ కుదిరింది. ఏడాది పాటు స్టాక్‌ఫిష్ కోడ్ ఉన్న సాఫ్ట్‌వేర్‌ను పంపిణీ చేయబోమని, ఫ్రీ సాఫ్ట్‌వేర్ లైసెన్సుల వ్యవహారం చూడటానికి ఒక అధికారిని పెడతామని ఆ సంస్థ ఒప్పుకుంది. మా అక్కావాళ్లకు అమ్మినవాళ్లకూ ఆ సంస్థకూ ఏ సంబంధమూ లేదు. లైసెన్సు అనేది పేరుకు రాసుకున్న కాగితం కాదని తెలియడానికి ఈ సంగతి చెబుతున్నాను.

"4000 ఎలో" గురించి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఇంజిన్ల రేటింగులు ఇంజిన్లు వాటిలో అవి ఆడుకున్న గేమ్‌ల నుంచి లెక్కగట్టినవి. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే మనుషులకు ఇచ్చే రేటింగుతో వాటిని పోల్చలేం. మనుషుల్లో ఇప్పటిదాకా అత్యధికం మాగ్నస్ కార్ల్‌సన్ 2014లో అందుకున్న 2882. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరితే దేశమంతా పండగ చేసుకుంది. మామూలు ఫోన్‌లో నడిచే ఉచిత స్టాక్‌ఫిష్ వీళ్లందరినీ ఓడించగలదు. అలాంటప్పుడు 1500 రేటింగ్ పిల్లాడికి ఇంకో వంద పాయింట్లు బలమైన ఇంజిన్ ఎందుకు? వాడికి కావలసింది తను వేసిన ఎత్తు ఎందుకు తప్పో విడమరిచి చెప్పే మనిషి.

ఇక "కోటి గ్రాండ్‌మాస్టర్ గేమ్‌లు". గేమ్‌ల ఎత్తులను అక్షరాల్లో రాసి ఉంచే పీజీఎన్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చాలు, నిజం తెలిసిపోతుంది. ప్రతి గేమ్ పైన ఈవెంట్, సైట్, ఆటగాళ్ల పేర్లు, రేటింగులు, టైమ్ కంట్రోల్ రాసి ఉంటాయి. నేను చూసిన ఫైళ్లలో దాదాపు అన్నిటికీ ఈవెంట్ దగ్గర 'రేటెడ్ బుల్లెట్ గేమ్' అనో 'రేటెడ్ బ్లిట్జ్ గేమ్' అనో, సైట్ దగ్గర లీచెస్ (ఆన్‌లైన్‌లో ఉచితంగా చెస్ ఆడుకునే వెబ్‌సైట్) చిరునామా ఉన్నాయి. కొద్ది నిమిషాల గడియారంతో ఎవరెవరో ఆడుకున్న గేమ్‌లు అవి. లీచెస్ 2013 నుంచి జరిగిన రేటెడ్ గేమ్‌లను నెలవారీగా ఎవరైనా దించుకునేలా ఎలాంటి షరతులూ లేకుండా పెట్టింది. పరిశోధనకు అది బంగారు గని. కానీ ఓపెనింగులు నేర్చుకునే పిల్లాడు దాన్ని గ్రాండ్‌మాస్టర్ల ఆట అనుకుని చూసి నేర్చుకుంటే చెడు అలవాట్లే వస్తాయి. నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం వచ్చింది దీనికే.

ఎండ్‌గేమ్ డేటాబేస్, అంటే బోర్డు మీద కొన్ని పావులే మిగిలినప్పుడు ఫలితం ఏమిటో ముందే లెక్కగట్టి పెట్టిన ఫైళ్ల గురించి ఎక్కువ రాయక్కర్లేదు. పెన్‌డ్రైవ్ 64 జీబీది. సిజిజీ టేబుల్‌బేస్ అనే అలాంటి డేటాబేస్ 6 పావులదే సుమారు 150 జీబీ. 7 పావులది 16 టెరాబైట్లు దాటుతుంది. 64 జీబీలో అది పట్టే మాటే లేదు. లోపల ఉన్నవి 5 పావుల దాకా ఉన్న ఫైళ్లు, మొత్తం కలిపి ఒక జీబీ కూడా లేవు. 7 పావుల జవాబులు ఎవరికైనా కావాలంటే లీచెస్ అనాలిసిస్ బోర్డులోనే ఇంటర్నెట్ ద్వారా ఉచితంగా కనిపిస్తాయి.

రెండు విషయాల్లో మాత్రం గట్టిగా భయపడాలి. ఒకటి, ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపేయమని వీళ్లు పంపిన సూచనల కాగితంలో ఉంది. అసలైన స్టాక్‌ఫిష్‌కు ఇన్‌స్టలేషనే అక్కర్లేదు, జిప్ విప్పి నడపడమే. యాంటీవైరస్ ఆపమని అడిగే ఏ చెస్ సాఫ్ట్‌వేర్‌నూ బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌లో పెట్టకండి. రెండోది, "లైవ్ అసిస్టెంట్" పేరుతో ఒక బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ బోనస్‌గా ఇచ్చారు. ఆన్‌లైన్‌లో ఎదుటివాళ్లతో ఆడుతుండగా ఏ ఎత్తు వేయాలో బోర్డు మీద బాణం గుర్తు చూపిస్తుంది. ఇది శిక్షణ కాదు, శుద్ధ మోసం. లీచెస్ అయినా చెస్‌డాట్‌కామ్ అయినా ఇలా ఆడేవాళ్లను కనిపెడతాయి, ఖాతా మూసేస్తాయి. మీ పిల్లల కంప్యూటర్‌లో ఇలాంటిది ఉంటే ఇవాళే తీసేయండి, ఎందుకు తీస్తున్నారో వాళ్లకు కూర్చోబెట్టి చెప్పండి.

మరి ఏం వాడాలి? కంప్యూటర్‌కు స్టాక్‌ఫిష్, దానికి బోర్డుగా ల్యూకాస్ చెస్ లేదా స్కిడ్. ఆండ్రాయిడ్ ఫోన్‌కు డ్రాయిడ్‌ఫిష్. పజిల్స్‌కు, స్టడీలకు లీచెస్. అది 2010లో తిబో డుప్లెసీ మొదలుపెట్టినది, ఫ్రాన్స్‌లో లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తోంది, ప్రకటనలు కూడా ఉండవు. నిజమైన టోర్నమెంట్ గేమ్‌లు కావాలంటే మార్క్ క్రౌథర్ 1994 నుంచి నడుపుతున్న ది వీక్ ఇన్ చెస్ నుంచి ప్రతి వారం పీజీఎన్ దించుకోండి. వీటన్నిటికీ ఒక్క రూపాయి అక్కర్లేదు. డబ్బు పెట్టి కొనడమే తప్పని నేను అనడం లేదు. మంచి కోచ్‌కు ఇచ్చే ఫీజు, ఒక ఓపెనింగ్‌ను చక్కగా వివరించే కోర్సుకు ఇచ్చే డబ్బు వృథా కాదు.

ఇంజినీరింగ్ విద్యార్థులకు ఒక మాట. ఈ ప్యాకేజీ వాళ్లు రూ. 3,000 ఎక్కువ తీసుకుని "చెస్ ఇంజిన్ ప్రాజెక్ట్, సోర్స్ కోడ్‌తో సహా" అని కాలేజీ పిల్లలకూ అమ్ముతున్నారట. మీకు నేర్చుకోవాలని ఉంటే పైథాన్-చెస్ లైబ్రరీ తీసుకోండి. ఎత్తులు సరైనవో కాదో అదే చూసుకుంటుంది, మీరు ఆల్ఫా-బీటా సెర్చ్ (మంచి ఎత్తు వెతికే పద్ధతి) సొంతంగా రాసుకోవచ్చు. బలహీనంగా ఆడినా అది మీదే అవుతుంది, ఇంటర్వ్యూలో ప్రతి లైనూ వివరించగలుగుతారు. ఆ లైబ్రరీ కూడా జీపీఎల్‌దేనని గుర్తుంచుకుని రిపోర్టులో పేరు వేయండి.

ఇప్పటికే కొన్నవాళ్ల కోసం. ముందు అమ్మినవాళ్లకు రాతపూర్వకంగా, వీలైతే ఈమెయిల్‌లో, డబ్బు వెనక్కి అడగండి. ఫోన్‌లో మాట్లాడి వదిలేయకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే వేదిక ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు చూపించాలి, 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. కార్డు నుంచో యూపీఐ నుంచో మీకు తెలియకుండా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. మా అక్కావాళ్లు 1915లో ఫిర్యాదు నమోదు చేయించారు, ఇంకా డబ్బు రాలేదు. చెల్లించిన రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ సంభాషణ దాచుకోండి. కోపంతో పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయకండి, అందులోని ఇంజిన్ ఫైలే మీ దగ్గరున్న పెద్ద సాక్ష్యం.